ఎడమ సారు, కుడి లెక్క

ఆ చిన్న సున్నా మీద నాకు వచ్చినంత కోపం ఇంతవరకు ఏ మనిషి మీదా రాలేదు. అసలది సున్నా కూడా కాదు. జి అనే అక్షరానికీ ఎఫ్ అనే అక్షరానికీ నడుమ పురుగులా కూర్చుని ఉంటుంది. కూడటానికి పనికిరాదు, గుణించటానికి పనికిరాదు. మరి దాన్ని ఏం చేసుకోవాలయ్యా అంటే, పుస్తకంలో ఒకే ఒక్క ముక్క: ‘దీనిని సంయుక్త ప్రమేయం అంటారు’. అంటే అన్నారు, నేను చెప్పాల్సింది నలభై మంది పిల్లలకు కదా!

నేను బోధన్ పక్కన ఒక ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టరును. పేరు రాజారాం. మా బడికి వచ్చేవాళ్ళలో సగం మంది చెరకు రైతుల పిల్లలు, మిగతా సగం చక్కెర కార్ఖానాలో పనిచేసేవాళ్ళ పిల్లలు. గానుగ సీజను మొదలైతే కిటికీలోంచి చెరకు మడ్డి వాసన, రోడ్డు మీద చెరకు బండ్ల కిర్రుకిర్రు. ఆ రెండింటి మధ్యనే పదో తరగతికి చక్రవడ్డీ చెప్పాను, కాలం-పని చెప్పాను, తొట్టికి రెండు కుళాయిలు తెరిచి ఒకటి మూయించాను. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అలాంటిది సర్కారు వారు ఒక ఎండాకాలం కూర్చుని ‘కొత్త గణితం’ అని పుస్తకమే మార్చేశారు. అందులో తొట్టి లేదు, కుళాయి లేదు. సమితులు, ప్రమేయాలు ఉన్నాయి.

ప్రమేయం వరకు నాకు పేచీ లేదు. ఒక సంఖ్యను ఇస్తే ఒకే ఒక సంఖ్యను తిరిగి ఇచ్చే నియమం, అంతే. ఎఫ్ రెట్టింపు చేస్తుందనుకుందాం. ఐదు ఇస్తే పది వస్తుంది. జి మూడు కలుపుతుందనుకుందాం. ఐదు ఇస్తే ఎనిమిది వస్తుంది. రెండింటినీ జతచేసి, ఒకటి ఇచ్చిన జవాబును రెండోదానికి అందిస్తే అది సంయుక్త ప్రమేయం. ఇదీ బాగానే ఉంది. ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే నా కొంప మునిగింది.

ఆ ఏడు బడి తెరవగానే హెడ్మాస్టరు లక్ష్మీరాజం గారు నన్ను పిలిచారు. పదో తరగతి ‘ఎ’ సెక్షను నాది, ‘బి’ సెక్షను కొత్తగా వచ్చిన ఆత్మారాంది. ఆత్మారాం బి.ఎస్సీ. చదివిన కుర్రవాడు, మర్యాదస్తుడు. ఏ తగవూ తెచ్చుకోడు. అందుకే వాడి మీద కోపం తెచ్చుకోవటానికి కూడా నాకు వీలుండేది కాదు.

“రాజారాం సాబ్, జిల్లా నుంచి గణితం సూసే ఆఫీసరు దసరా అయినంక వస్తడట. కొత్త లెక్కలు పాత మాస్టర్లు ఎట్ల చెప్తున్నరో సూస్తడట. మీ క్లాసు మంచిగ లేకుంటె రెండు సెక్షన్లు ఆత్మారాంకే ఇయ్యమంటడు. మీకు ఆరో తరగతి పడ్తది. నాతోని ఏమీ గాదు, ముందే చెప్తున్న” అన్నారాయన.

ఆరో తరగతి తక్కువని కాదు. కానీ మా ఊళ్ళలో మాస్టరు విలువ పదో తరగతితోనే. ‘ఫలానా సారు కింద పది పాసైన’ అని నడివయసు రైతులు కూడా చెప్పుకుంటారు. ఆ మాట కోసమే బదిలీ వద్దనుకుని, హెడ్మాస్టరు పదవికి అర్జీ పెట్టకుండా ఆ ఒక్క తరగతిని పట్టుకుని ఉన్నాను. అది పోతే ఇంక నాకు మిగిలేదేమిటి?

మంచిదే, చూసుకుందాం అనుకుని పుస్తకం తెరిచాను. మొదటి లెక్క: ఎఫ్ రెట్టింపు, జి మూడు కలపటం. ‘జి సున్నా ఎఫ్’ ఐదు వద్ద ఎంత? జి ముందుంది. కాబట్టి ఐదుకు మూడు కలిపాను, ఎనిమిది. తర్వాత ఎఫ్, రెట్టింపు, పదహారు. పుస్తకం వెనక జవాబు చూస్తే పదమూడు.

కొత్త పుస్తకాల్లో అచ్చుతప్పులు కోకొల్లలు. ఒకచోట త్రిభుజానికి నాలుగు కోణాలు కూడా చూశాను. ఎర్రసిరాతో పదమూడు కొట్టేసి పదహారు రాశాను. రెండో లెక్క ‘ఎఫ్ సున్నా జి’, నాలుగు వద్ద. ఎఫ్ ముందు, ఎనిమిది. తర్వాత జి, పదకొండు. పుస్తకంలో పద్నాలుగు. అదీ కొట్టేశాను. పేజీ పూర్తయ్యేసరికి పేజీ అంతా ఎరుపే. అచ్చువేసినవాడు తాగి వేశాడని తిట్టుకుని, మర్నాడు పిల్లల పుస్తకాల్లోనూ దిద్దించాను.

పేజీలో అన్నీ తప్పులు ఉండవు, తప్పు నీ దగ్గర ఉందేమో అని నాకు తోచలేదు. ఎందుకు తోచలేదో చెప్పాలంటే నా పేరు చెప్పాలి. పిల్లలు నన్ను ‘ఎడమ సారు’ అంటారు.

నేను చదివింది నిజాం కాలంలో. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. అక్షరం కుడి నుంచి ఎడమకు నడిచేది. మా లెక్కల మాస్టరు సమీకరణాన్ని కూడా కుడి అంచు నుంచే మొదలుపెట్టేవాడు. యాభై ఆరు వచ్చింది, రాష్ట్రాలు కలిశాయి, ఇక బడిలో అంతా తెలుగు అన్నారు. నాకు తెలుగు మాట్లాడటం వచ్చు కానీ రాయటం రాదు. ముప్పై ఏళ్ళవాణ్ణి, రెండో తరగతి వాచకం ముందేసుకుని గుణింతాలు దిద్దాను. అక్షరాలు వచ్చాయి కానీ చెయ్యి మాట వినదు. పాఠం మొదలుపెట్టగానే బోర్డు కుడి అంచుకు పోయేది. పిల్లలు పకపకా నవ్వేవారు. అప్పటి హెడ్మాస్టరు అందరి ముందూ “ఇది తురకబడి కాదయ్యా” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది.

అప్పటినుంచి నా మీద నేనే కర్ర పట్టుకున్నాను. బోర్డు దగ్గరికి పోగానే ఎడమ అంచున నిలువుగా ఒక సుద్దగీత గీసుకునేవాణ్ణి, చెయ్యి అక్కడినుంచే బయలుదేరాలని. తర్వాత ఆ గీత పిల్లల పలకల మీదికి, నోటుబుక్కుల మీదికి పాకింది. “ఎడమ నుంచి!” అని అరిస్తే నలభై చేతులు ఎడమ అంచుకు పోయేవి. కూడికలు, తీసివేతలు కలిసి వచ్చిన లెక్కల్లో మా పిల్లలు ఎన్నడూ తప్పు చెయ్యలేదంటే ఆ గీత పుణ్యమే. అందుకే నాకు ఆ పేరు. నాకు ఆ పేరంటే గర్వం కూడా.

వారం తిరక్కముందే గంగమణి లేచి నిలబడింది. చెరకు రైతు ఆశన్న బిడ్డ, క్లాసులో మొదటి పిల్ల.

“సార్, బి సెక్షన్ల గా లెక్కకు పదమూడే రైట్ అంటున్రు.”

“పుస్తకం తప్పు అని చెప్పిన కదా.”

“వాళ్ళకు ఆత్మారాం సార్ జేసి సూపెట్టిండట సార్. అన్నీ పుస్తకంల ఉన్నట్టే వచ్చినయట.”

“కూసో!” అన్నాను. కూర్చుంది. కానీ ఆ మధ్యాహ్నానికే విషయం హెడ్మాస్టరు గదికి చేరింది. ఒకే బడి, ఒకే లెక్క, రెండు జవాబులు. ఆత్మారాం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సార్, కుడి దిక్కు ఉన్నదే ముందు చెయ్యాలె. ముందుగాల ఎఫ్, ఎనుకనుంచి జి.”

“ఎందుకు?”

“గది రూల్ సార్.”

“ఎవడు పెట్టిండు రూలు? రాసేటిది ముందు, చేసేటిది వెనకనా? అన్నం తిన్నంక ఎసరు పెడ్తరా?”

“మాకు కాలేజీల గట్లనే చెప్పిన్రు సార్. గంతే.”

లక్ష్మీరాజం గారు నా ముఖం చూసి తల దించుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ‘గంతే’ అన్న మాట మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నేనూ పిల్లలకు జీవితమంతా అదే చెప్పానని మాత్రం అప్పుడు గుర్తు రాలేదు.

ఇంటికి పోయి పలక ముందేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ అంజవ్వ వసారాలో పసుపు కొమ్ములు ఏరుతోంది. చేశాను, తుడిచాను, చేశాను, తుడిచాను. నాలుగు ముక్కలు చెయ్యటానికి ఇంత ఏడుపా అని పలక విసిరికొట్టబోతే అంజవ్వ చూసింది.

“పలక ఏం జేసిందయ్యా నిన్ను? ఇగ లే, అన్నం సల్లారుతున్నది.”

“నువ్వు ఊకో” అని మళ్ళీ రాశాను. విసుగులో చెయ్యి ఎటు పోతోందో చూసుకోలేదు. పలక కుడి అంచున, ఇచ్చే సంఖ్యకు గుర్తుగా ఎక్స్ రాశాను, దానికి ఎడమన ఎఫ్, దానికి ఎడమన జి. చిన్నప్పటి చెయ్యి. ఐదు, పది, పదమూడు. రాసిన వరసలోనే చేస్తూ పోతే పుస్తకంలో జవాబు తిన్నగా వచ్చి కూర్చుంది. ఇంకొకటి చేశాను. నాలుగు, ఏడు, పద్నాలుగు. అదీ వచ్చింది.

సంతోషించాలా? నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ ఏ చేతిని కొట్టి కొట్టి మాన్పించానో, ఆ చేతికే ఈ లెక్క వచ్చు. ఎడమ, ఎడమ అని అరిచి అరిచి నా గొంతు పోయింది. ఇప్పుడు కుడి నుంచి అంటున్నారు. వీళ్ళకు ఇష్టమొచ్చినప్పుడు చెయ్యి తిప్పటానికి నేనేం గానుగ ఎద్దునా! అంజవ్వ పిలిచింది కానీ అన్నానికి లేవలేదు.

మర్నాడు క్లాసులో ఎర్రసిరా దిద్దుబాట్లన్నీ కొట్టెయ్యమన్నాను. “పుస్తకమే రైటు. తప్పు నాది” అన్నాను. ఆ నాలుగు మాటలు అనటానికి నేను బడి గేటు నుంచి క్లాసు దాకా ఎంత నెమ్మదిగా నడిచానో నాకే తెలుసు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. దిద్దారు. లెక్క ఇచ్చాను. నలభై మందిలో ముప్పై మంది మళ్ళీ ఎడమ నుంచే చేశారు.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఎడమే. నేను గీసిన గీత అలాంటిది. ‘బి’ సెక్షను పిల్లలకు ఎడమ అలవాటు అంత ముదరలేదు కాబట్టి వాళ్ళు ఒక్కరోజులో నేర్చుకున్నారు. నా పిల్లలు కింది తరగతుల నుంచీ నా మాట వింటూ వచ్చిన మంచి పిల్లలు కాబట్టి నేర్చుకోలేకపోయారు. వారం రోజులు అరిచాను. బెంచీల మీద నిలబెట్టాను. చివరికి ఒకరోజు బోర్డు ఎడమ అంచున ఉన్న సుద్దగీతను చెరిపేసి, కుడి అంచున గీశాను. అక్కడినుంచి ఎడమకు రాసుకుంటూ వచ్చాను. ముందు ఎక్స్, తర్వాత ఎఫ్, తర్వాత జి. పిల్లలు నవ్వారు. నవ్వనిచ్చాను.

“ఇయాల్టి నుంచి కుడి నుంచి. సమజైందా? కుడి నుంచి!”

“కుడి నుంచి సార్!” అని నలభై గొంతులు.

పోగా పోగా పట్టుకున్నారు. పదమూడుకు పదమూడు, పద్నాలుగుకు పద్నాలుగు. దసరా సెలవులు అయ్యేసరికి క్లాసులో తప్పు చేసేవాడు లేడు. హెడ్మాస్టరు ఒకసారి కిటికీలోంచి చూసి తలాడించి పోయారు. నాకు మళ్ళీ మీసం మీదికి చెయ్యి పోయింది.

నిజామాబాదు నుంచి ఆఫీసరు వచ్చాడు. పొట్టి మనిషి, సంచిలో తన సుద్ద తనే తెచ్చుకున్నాడు. వెనక బెంచీలో కూర్చుని నా పాఠం విన్నాడు. తర్వాత లేచి బోర్డు మీద తన లెక్క రాశాడు. ఎఫ్ నాలుగింతలు చేస్తుంది. జి ఏ సంఖ్యనిచ్చినా అందులోంచి ఎనిమిది తీసి మూడు కలుపుతుంది. జి సున్నా ఎఫ్, ఐదు వద్ద. ఎవరు చేస్తారంటే గంగమణి లేచింది. నేనే లేపాను.

ఎఫ్ ముందు పట్టింది. ఐదుకు నాలుగింతలు ఇరవై. నా గుండె నిమ్మళించింది. ఇక జి. ‘ఇరవై, తీసివేత ఎనిమిది, కూడిక మూడు’ అని రాసింది. రాసి, కుడి అంచుకు పోయింది. ఎనిమిది, మూడు కలిపి పదకొండు. ఇరవైలోంచి పదకొండు తీసి తొమ్మిది.

జవాబు పదిహేను. అయిదో తరగతి పిల్లవాడు చేసే లెక్క అది.

ఆఫీసరు ఇంకొకణ్ణి లేపాడు. తొమ్మిది. మరొకణ్ణి. తొమ్మిది. క్లాసంతా తొమ్మిదే. ఎన్నడూ తప్పు చెయ్యని చోటే నా పిల్లలు వరసగా బోల్తాపడ్డారు.

“ఏందమ్మా, కూడికలు తీసివేతలు గూడ కుడి నుంచి చేస్తరా ఎక్కడన్న?” అన్నాడు ఆఫీసరు.

గంగమణి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. “సార్ కుడి నుంచి అన్నడు” అంది. అన్నాక నాలిక కరుచుకుంది.

ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. ‘పిల్ల బెదిరిపోయింది సార్, మంచిగనే చేస్తది’ అంటే ఆయన నమ్మేవాడే. నా నోట్లో ఆ మాట తయారుగా కూడా ఉంది. కానీ బోర్డు ముందు ఆ పిల్ల సుద్దముక్కను పిండి చేస్తూ నిలబడి ఉంది.

“అవును సార్, నేనే చెప్పిన. మొన్నటిదాకా అన్నీ ఎడమ నుంచి అన్న. ఇప్పుడు అన్నీ కుడి నుంచి అన్న. పిల్లది తప్పు లేదు” అన్నాను.

“ఎందుకు కుడి నుంచో చెప్పలేదా?”

బోర్డు వైపు చూశాను. జి, సున్నా, ఎఫ్, చివర బ్రాకెట్లో ఐదు. ఐదు పక్కన ఎఫ్. ఐదును జి ముట్టుకోనే లేదు. ఎఫ్ ఏదిస్తే అదే దానికి అందుతుంది. అందుకే ఎఫ్ ముందు. ఎడమ అని కాదు, కుడి అని కాదు. ఐదు ఎవరి చేతిలో పడిందో వాళ్ళు ముందు, అంతే కదా! ఇంత చిన్న విషయమా? చెబుదామని ఇటు తిరిగేసరికి ఆఫీసరు సంచి సర్దుకుని వరండా దాటుతున్నాడు.

మర్నాడు టైంటేబులు మారింది. పదో తరగతి రెండు సెక్షన్లూ ఆత్మారాంకు, ఆరో తరగతి నాకు. ఆత్మారాం వచ్చి “నేను అడగలేదు సార్” అన్నాడు. “నాకు తెలుసు పో” అన్నాను. నిజంగానే తెలుసు. దానివల్ల కడుపుమంట ఏమీ తగ్గలేదు. అర్థం కానప్పుడు చెప్పటానికి క్లాసు ఉండేది. అర్థమయ్యాక క్లాసు లేదు. ఎవరి మీద అరవాలో తెలియక ఆరో తరగతి పిల్లల మీద అరిచాను. వాళ్ళు పాపం ఏం చేశారు, ఎక్కాలు ఒప్పచెబుతున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక గంగమణి ఆరో తరగతి గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు.

“ఏంది?”

“సార్, గాదినం ఆఫీసర్ సార్ ‘ఎందుకు’ అని అడిగిండు గద. మీరు చెప్పలే.”

“ఆత్మారాం సార్‌ను అడుగు.”

“అడిగిన సార్. రూల్ అన్నడు.” ఓణీ చివర నలుపుతూ నిలబడింది. తర్వాత ఒక్క ఊపున అనేసింది. “మీరు ఎడమ అంటె ఎడమ చేసిన, కుడి అంటె కుడి చేసిన. రెండుసార్లు నాకే తప్పు పడ్డది. ఇగ ఎందుకో చెప్పకుంటె నేను చెయ్య సార్.”

నా ముందు నిలబడి ఇలా మాట్లాడిన పిల్ల ఇంతవరకు పుట్టలేదు. మామూలప్పుడైతే చెయ్యి చాపమనేవాణ్ణి. “లోపలికి రా” అన్నాను.

బోర్డు మీద బ్రాకెట్లో ఐదు రాశాను. పక్కన ఎఫ్ రాశాను, దాని అవతల జి. ఐదు ఎవరి చేతిలో పడిందో, ఎవరికి ఇంకా అందలేదో చెప్పాను. జి దగ్గరికి వచ్చేది ఐదు కాదనీ, ఎఫ్ ఇచ్చిన జవాబనీ చెప్పాను. జి తన లోపల ఎనిమిది తీసి మూడు కలపటం వేరే సంగతి, అది మామూలు లెక్క, దాని దారి దానిదే అని చెప్పాను. నాకు ఎంత తేటగా కనిపించిందో అంత తేటగా చెప్పాననుకున్నాను. చెప్పి, ఆయాసంతో ఆ పిల్ల ముఖం చూశాను.

బోర్డు దగ్గరికి వచ్చి ఐదునూ జినీ మార్చి మార్చి చూసింది.

“నాకు సమజ్ కాలే సార్” అంది.

ఇన్నేళ్ళ నా నౌకరీలో ఆ మాట నా ముఖం మీద ఎవరూ అనలేదు. అననివ్వలేదు. ఒళ్ళు మండిపోయింది. బయట అన్నాలు తిన్న పిల్లలు గోల చేస్తున్నారు, నా అన్నం డబ్బా బల్ల మీద మూత కూడా తియ్యకుండా ఉంది.

“ఎక్కడ సమజ్ కాలే?” అని అడిగి, బోర్డు తుడిచాను.